మా ఇంట్లో నడిచింది సార్!

సైన్స్ ప్రదర్శనల్లో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఇది. పిల్లవాడు నెల రోజులు కూర్చుని హాజరు పట్టీకో, మార్కుల జాబితాకో ఒక ప్రోగ్రాం రాస్తాడు. ఇంట్లో అన్నయ్య లాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బడికి తెస్తాడు. ల్యాబ్ కంప్యూటర్‌లో పెట్టగానే తెర నిండా ఎర్రర్లు. చూడటానికి వచ్చిన పెద్దలు రెండు నిమిషాలు నిలబడి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోతారు.

ఆ పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. ఇంట్లో నిజంగానే నడిచింది. అయితే మన పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. హోసూరులోనో, బళ్లారిలోనో, రాయగడలోనో, సోలాపూర్‌లోనో తెలుగు మాధ్యమంలో చదివేవారు ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, కంప్యూటర్ ముందు మరో భాషతో నెట్టుకొస్తుంటారు. ప్రోగ్రాం మొరాయిస్తే ‘నాకు ఇంగ్లిష్ సరిగా రాదు కాబట్టే ఇలా అయింది’ అని తీర్మానించుకుంటారు. ఒకసారి ఆ మాట మనసులో పడితే మళ్లీ కీబోర్డు ముట్టుకోరు. తప్పు భాషది కాదు, తెలివిది అసలే కాదు. ఆ ప్రోగ్రాం చుట్టూ ఉన్న సరంజామా ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉండటమే అసలు కారణం. దానికి మందు ఉంది. పెద్ద ఖర్చు కూడా లేదు.

ఒకే లెక్క, రెండు జవాబులు

బడిలో 200 మంది పిల్లలు. ఒక్కొక్కరికి పరీక్ష ఫీజు 300 రూపాయలు. మొత్తం ఎంత? ప్రాథమిక తరగతుల పిల్లలు కూడా 60,000 అని చెబుతారు. ఇదే లెక్కను సీ భాషలో రాసి, కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ కనిపించే టర్బో సీలో నడపండి. మామూలు ‘ఇంట్’ చలరాశిలో జవాబు దాచితే మైనస్ 5,536 వస్తుంది. అదే ప్రోగ్రాంను ఒక్క అక్షరం మార్చకుండా ఇప్పటి జీసీసీ కంపైలర్‌తో నడిపితే 60,000 వస్తుంది.

ఎందుకిలా? టర్బో సీ డాస్ కాలం నాటిది. అందులో ‘ఇంట్’ అనే డబ్బాకు 16 బిట్ల చోటే ఉంటుంది. 32,767 దాటిన సంఖ్య అందులో పట్టదు. 60,000 లోంచి 65,536 తీసేస్తే మిగిలేదే ఆ మైనస్ సంఖ్య. ఇప్పటి కంపైలర్లు అదే డబ్బాకు 32 బిట్లు ఇస్తాయి. కాబట్టి 214 కోట్లు దాటే వరకు ఇబ్బంది లేదు.

ఇంకో ఉదాహరణ. ఒక అమ్మాయికి ఆరు సబ్జెక్టుల్లో కలిపి 359 మార్కులు వచ్చాయి. సగటు 59.83. దగ్గరి అంకెకు సవరిస్తే 60. పైథాన్ 3లో 359ని 6తో భాగించి సవరిస్తే ఇదే వస్తుంది. పైథాన్ 2లో మాత్రం రెండు పూర్ణాంకాలను భాగిస్తే దశాంశం ఎగిరిపోతుంది. జవాబు 59. మొదటి శ్రేణికి 60 కావాలంటే ఆ అమ్మాయి ఒక కంప్యూటర్‌లో మొదటి శ్రేణి, పక్క కంప్యూటర్‌లో రెండో శ్రేణి! పైథాన్ 2కు 2020 జనవరి 1తోనే మద్దతు ఆగిపోయింది. కానీ పాత కంప్యూటర్లు, పాత పుస్తకాలు ఆ తేదీని చూసి మూలకు పోవు కదా.

లక్ష్మి పేరు దగ్గర ఆగిపోయే ప్రోగ్రాం

తెలుగు పిల్లలకే ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఇంకోటి ఉంది. పిల్లల పేర్లను తెలుగులోనే టైప్ చేసి ఒక ఫైల్‌లో దాచారనుకుందాం. లినక్స్ కంప్యూటర్‌లో రాసిన పైథాన్ ప్రోగ్రాం ఆ ఫైల్‌ను చక్కగా చదువుతుంది. అదే ప్రోగ్రాంను విండోస్ ఉన్న కంప్యూటర్‌లో పెడితే రవి, సీత వంటి పేర్లు గజిబిజి గుర్తులుగా మారతాయి. జాబితాలో లక్ష్మి గానీ సుధ గానీ ఉంటే ప్రోగ్రాం ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

రవికి లేని ఇబ్బంది లక్ష్మికి ఎందుకు? తెలుగు అక్షరాలను ఇప్పుడు ఎక్కువగా యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచుతారు. ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు. లినక్స్‌లో పైథాన్ సాధారణంగా ఇదే పద్ధతిలో చదువుతుంది. ఇంగ్లిష్ అమరికతో ఉన్న విండోస్‌లో మాత్రం మనం చెప్పకపోతే విండోస్-1252 అనే పాత పట్టికను తీసుకుంటుంది. ఆ పట్టికలో ఐదు గడులు ఖాళీ. ఒత్తు రాయడానికి వాడే పొల్లు గుర్తు, కొమ్ము గుర్తు, ఏ, ఐ, ఝ అక్షరాలు సరిగ్గా ఆ ఖాళీ గడుల్లో పడతాయి. రవి పేరులో అవేవీ లేవు. లక్ష్మిలో పొల్లు రెండుసార్లు ఉంది. ‘తెలుగు’ అనే మాటలోనే కొమ్ములు రెండు ఉన్నాయి!

మందు ఒక్క మాటే. ఫైల్ తెరిచే వరుసలో ‘ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8’ అని స్పష్టంగా రాయాలి. ఆ తర్వాత ఏ కంప్యూటర్‌లోనైనా లక్ష్మి లక్ష్మిగానే ఉంటుంది. ఎర్రర్ వచ్చినప్పుడు ‘తెలుగు కంప్యూటర్‌కు పనికిరాదు’ అని ఎవరైనా అంటే, ఈ ఐదు ఖాళీ గడుల కథ చెప్పండి.

ఆవకాయ చీటీ

పై మూడు ఉదాహరణల్లోనూ ప్రోగ్రాం మారలేదు. దాని కింద ఉన్నవి మారాయి. కంపైలర్, భాష వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, అక్షరాల పట్టిక, మనం తెచ్చి వాడుకునే లైబ్రరీలు. వీటన్నిటినీ కలిపి బిల్డ్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. దాన్ని ఎవరైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా మళ్లీ అచ్చంగా అలాగే సిద్ధం చేసుకోగలగడమే ఇక్కడ మన లక్ష్యం.

ఆవకాయ పెట్టే ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. అమ్మమ్మ చీటీలో ‘కారం, ఆవపిండి, ఉప్పు తలో మానెడు’ అని ఉంటుంది. గుంటూరు మిరప కారంతో పెడితే ఒక రుచి. బళ్లారిలో ఉండే మనవరాలు అక్కడ సులువుగా దొరికే బ్యాడగి కారంతో పెడితే రంగు ఎర్రగా వస్తుంది గానీ ఘాటు తగ్గుతుంది. మానిక కొలత కూడా అన్ని ఊళ్లలో ఒకటి కాదు. చీటీ తప్పు కాదు, మనవరాలి చెయ్యీ తప్పు కాదు. ఏ కారం, ఎన్ని గ్రాములు అన్నది చీటీలో లేదు. ప్రోగ్రాంతో పాటు మన పిల్లలు రాయాల్సింది అలాంటి వివరాలున్న చీటీయే.

బడి ల్యాబ్‌లో చేయగలిగిన ఆరు పనులు

ఇక్కడ పైథాన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. కమాండ్లను ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. చదువుకోవడానికి వీలుగా పేర్లు తెలుగులో ఇస్తున్నాను.

1. వెర్షన్ రాయాలి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘రీడ్‌మీ’ అనే ఫైల్ పెట్టించండి. మొదటి వరుసలో ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, పైథాన్ వెర్షన్ ఉండాలి. ‘పైథాన్ 3’ అంటే చాలదు. ‘పైథాన్ 3.11’ అని ఉండాలి.

2. ప్రాజెక్టుకో గది. ఒకే కంప్యూటర్‌ను ముప్పై మంది వాడే ల్యాబ్‌లో ఒకరు వేసిన లైబ్రరీ ఇంకొకరి ప్రాజెక్టును పాడుచేస్తుంది. అందుకే పైథాన్‌లో 3.3 వెర్షన్ నుంచి ‘వెన్వ్’ అనే సదుపాయం ఉంది. ఇది ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ఒక గది కట్టిస్తుంది. అందులో వేసిన సామాను పక్క గదిలోకి పోదు. ఒక జాగ్రత్త. ఈ గదిని అమాంతం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్తే సాధారణంగా పనిచేయదు, ఎందుకంటే పాత కంప్యూటర్‌లోని దారులు దాని లోపల రాసి ఉంటాయి. గదిని మోయకూడదు. చీటీ తీసుకెళ్లి అక్కడ కొత్త గది కట్టుకోవాలి.

3. సామాను జాబితా. ఆ చీటీని చేత్తో రాయనవసరం లేదు. ‘పిప్ ఫ్రీజ్’ అనే కమాండ్ ఆ గదిలో ఉన్న ప్రతి లైబ్రరీ పేరునూ, వెర్షన్‌నూ వరుసగా ఇస్తుంది. దాన్ని ‘రిక్వైర్‌మెంట్స్’ అనే పేరుతో దాచడం ఆనవాయితీ. వెర్షన్ ఎందుకంత ముఖ్యం? పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీనే చూడండి. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్‌లోనూ ఇది ఉంది. పట్టికకు వరుసలు కలిపే ‘అపెండ్’ పద్ధతిని 2023లో వచ్చిన పాండాస్ 2.0లో తీసేశారు. పాత పుస్తకం చూసి రాసిన ప్రోగ్రాం 1.5.3లో నడుస్తుంది, 2.0లో ఆగిపోతుంది. చీటీలో ‘పాండాస్’ అని మాత్రమే ఉంటే ఇంటర్నెట్ నుంచి కొత్తదే దిగుతుంది. ‘పాండాస్ == 1.5.3’ అని ఉంటే అదే దిగుతుంది. పైథాన్ వెర్షన్ రాయమన్నది కూడా ఇందుకే. పాండాస్ 1.5.3 వచ్చే నాటికి పైథాన్ 3.12 విడుదలే కాలేదు.

4. నెట్ లేని ల్యాబ్‌కు మూట. చాలా బడుల్లో ఇంటర్నెట్ అవసరానికి అందదు. నెట్ ఉన్న చోట ‘పిప్ డౌన్‌లోడ్’ కమాండ్‌తో ఆ జాబితాలోని ప్యాకేజీలన్నీ ఒక ఫోల్డర్‌లోకి దింపుకోవచ్చు. ల్యాబ్‌కు వచ్చి ఆ ఫోల్డర్ నుంచే వేసుకోమని పిప్‌కు చెప్పొచ్చు. రెండు కంప్యూటర్లలోనూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే పైథాన్ వెర్షన్ ఉండేలా చూసుకోండి.

5. ఫైళ్ల పేర్లు, దారులు. విండోస్‌కు మామూలుగా పెద్దబడి, చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాల తేడా పట్టదు. లినక్స్‌కు పడుతుంది. ‘మార్క్స్’ ఫైల్ పేరు ఒక చోట పెద్ద అక్షరంతో, ఇంకో చోట చిన్న అక్షరంతో రాస్తే ఇంట్లో దొరికిన ఫైల్ బడిలో దొరకదు. అన్నీ చిన్న అక్షరాలే వాడమనండి. ‘సీ డ్రైవ్‌లో అన్నయ్య పేరుతో ఉన్న ఫోల్డర్‌లో’ అని పూర్తి దారి రాయకుండా ప్రాజెక్టు ఫోల్డర్ నుంచే దారి రాయించండి.

6. పొరుగు పరీక్ష. రాసినవారు కాకుండా వేరే విద్యార్థి, వేరే కంప్యూటర్‌లో, చీటీ మాత్రమే చూసి ప్రాజెక్టును నడపాలి. రాసినవారు పక్కన నిలబడొచ్చు గానీ నోరు మెదపకూడదు. ఎక్కడ అడ్డం పడితే అక్కడ చీటీలో ఒక వరుస తక్కువైందన్నమాట. ప్రదర్శనకు వారం ముందే ఇది జరిగితే ఆ రోజు కంగారు ఉండదు.

పదకొండు వరుసలు ఆపేసిన పని

ఇది పిల్లల సమస్య మాత్రమే అనుకోవద్దు. 2016 మార్చి 22న జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్లు వాడే ఎన్‌పీఎం భాండారం నుంచి ఒక రచయిత తన ప్యాకేజీలన్నిటినీ వెనక్కు తీసుకున్నాడు. ఒక పేరు విషయంలో వచ్చిన తగాదా అది. వాటిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనేది 11 వరుసల చిన్న ప్రోగ్రాం. ఒక మాటకు ఎడమ వైపు ఖాళీలో సున్నాలో చేర్చడమే దాని పని. దాని మీద ఆధారపడినవాటి మీద ఇంకొన్ని, వాటి మీద మరికొన్ని ఆధారపడి ఉండటంతో ఎన్నో దేశాల్లో పెద్ద పెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కొద్ది గంటల్లోనే దాన్ని తిరిగి పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్యాకేజీలను వెనక్కు తీసుకునే నియమాలనూ బిగించారు. తమకు కావలసిన ప్యాకేజీల నకళ్లను దగ్గర పెట్టుకున్నవారికి ఆ రోజు ఇబ్బంది లేదు. నాలుగో పనిలో చెప్పిన మూట విలువ అదే.

నమ్మకానికి కూడా ఇదే దారి

చీటీ బాగుంటే ప్రోగ్రాం నడుస్తుంది. ఇంకో మెట్టు ఎక్కితే అది నమ్మదగినదో కాదో కూడా తేలుతుంది. మనం వాడే సాఫ్ట్‌వేర్ చాలావరకు ఎవరో మూలరూపం నుంచి తయారుచేసి పంపినదే. మూలరూపం అందరికీ కనబడినా, చేతికొచ్చిన ఫైల్ దాని నుంచే తయారైందని రుజువేమిటి? వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు అదే మూలరూపం నుంచి తయారుచేస్తే ఒక్క బైట్ కూడా తేడా లేకుండా అదే ఫైల్ రావాలి. దీన్నే రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ అంటారు. లినక్స్ కుటుంబంలోని డెబియన్ బృందం 2013 నుంచి ఈ పని చేస్తోంది. తేడాలు తెచ్చేవి చాలావరకు చిన్న విషయాలే. తయారుచేసిన తేదీ, సమయం ఫైల్‌లో చేరడం. ఫైళ్ల వరుస మారడం. ఫోల్డర్ దారి లోపల మిగిలిపోవడం. తేదీ చిక్కు తీర్చడానికి 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్ల సంఖ్యను అందరూ ముందుగానే ఒకటే పెట్టుకునే ఏర్పాటు చేశారు.

ఇది ఎంత అవసరమో 2024 మార్చి 29న తెలిసింది. ఫైళ్లను కుదించడానికి లినక్స్‌లో విరివిగా వాడే ‘ఎక్స్‌జెడ్’ అనే సాధనంలో దొంగ తలుపు ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆ రోజు బయటపెట్టాడు. తన కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీస్తే దొరికిందది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉంది. ఆ దొంగ తలుపును తెరిపించే భాగం అందరికీ కనబడే మూలరూపంలో లేదు. విడుదల చేసిన మూటలో మాత్రమే చేర్చారు. కనబడేదీ చేతికిచ్చినదీ ఒకటేనా అని పోల్చి చూసే అలవాటు ఎందుకు కావాలో దీన్ని మించి చెప్పే ఉదాహరణ లేదు.

ఈ పోలిక పిల్లలతో ఒక్క పీరియడ్‌లో చేయించొచ్చు. ఎస్‌హెచ్ఏ-256 అనే లెక్క ఏ ఫైల్‌కైనా 64 అక్షరాల వేలిముద్ర ఇస్తుంది. విండోస్‌లో ‘సర్ట్‌యుటిల్’, లినక్స్‌లో ‘ఎస్‌హెచ్ఏ256సమ్’ అనే కమాండ్లు దీనికోసం ఉన్నాయి. ఒక తెలుగు పద్యం టైప్ చేయించి వేలిముద్ర తీయించండి. ఒక్క దీర్ఘం తీసేసి మళ్లీ తీయించండి. మొత్తం మారిపోతుంది. మొదట రాసిన ఫైల్‌ను పక్క కంప్యూటర్‌కు పంపి అక్కడ తీస్తే అదే వేలిముద్ర వస్తుంది. ‘అచ్చంగా అదే’ అంటే ఏమిటో పిల్లలకు కళ్లారా తెలుస్తుంది.

డాకర్, నిక్స్ సంగతి

పెద్ద క్లాసుల పిల్లలు ఈ పేర్లు వినే ఉంటారు. 2013లో వచ్చిన డాకర్, ప్రోగ్రాంతో పాటు దానికి కావలసిన లైబ్రరీలు, ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లు అన్నీ ఒక పెట్టెలో సర్దుతుంది. నిక్స్ అనేది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఈల్కో డోల్‌స్ట్రా పరిశోధన నుంచి పుట్టింది. ప్రతి ప్యాకేజీనీ, అది దేని నుంచి ఎలా తయారైందో లెక్కగట్టి, ఆ లెక్కతోనే విడివిడిగా దాచడం దాని పద్ధతి. రెండూ మంచివే. పాత ల్యాబ్ కంప్యూటర్లకు మాత్రం ఇవి బరువు. డిస్క్ చోటు, మెమరీ, నెట్ అన్నీ ఎక్కువే కావాలి. వెన్వ్, చీటీ, పొరుగు పరీక్ష అలవాటైన విద్యార్థి కాలేజీకి వెళ్లాక వీటిని సులువుగా పట్టుకుంటాడు.

ల్యాబ్ అంతటికీ ఒకే అమరిక ఉంటే ఉపాధ్యాయుల పని ఎంతో తేలికవుతుంది. కేరళలో ప్రభుత్వ సంస్థ కైట్ తన సొంత లినక్స్ రూపాన్ని బడులకు అందిస్తోంది. మన బడి స్థాయిలో అంత కాకపోయినా, ల్యాబ్‌లోని పది కంప్యూటర్లలో ఒకే పైథాన్ వెర్షన్ వేయించి, ఆ వెర్షన్‌ను గోడ మీద రాసి పెట్టడం ఒక పూట పని.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు

ప్రాజెక్టుకు 20 మార్కులుంటే అందులో 5 పొరుగు పరీక్షకు కేటాయించి చూడండి. పిల్లలు చీటీని శ్రద్ధగా రాయడం మొదలుపెడతారు. ఆ చీటీని తెలుగులో రాయనివ్వండి. కమాండ్లు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ‘ముందు ఈ ఫోల్డర్ తెరవాలి, తర్వాత ఈ జాబితాలోని సామాను వేయాలి, పేర్ల ఫైల్ ఫలానా చోట ఉండాలి’ అన్న వివరణ సొంత భాషలో రాస్తేనే ఆలోచన ఎక్కడ తెగిందో వారికే తెలుస్తుంది. తర్వాత అదే చీటీని కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లిష్‌లోనో తిరగరాయమనొచ్చు. రేపు కాలేజీలో పక్క సీటు విద్యార్థికి వివరించాల్సింది ఆ భాషల్లోనే కదా.

తల్లిదండ్రులకు కంప్యూటర్ రానక్కర్లేదు. ఇంట్లో మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ‘ఏ వెర్షన్‌లో రాశావు, ఎక్కడ రాసి పెట్టావు?’ ‘నువ్వు లేకుండా నీ స్నేహితుడు దీన్ని నడపగలడా?’ ‘మన కంప్యూటర్ పాడైపోతే మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోగలవా?’ మూడింటికీ చీటీ తీసి చూపిస్తే పని గట్టిగా ఉన్నట్టే. ఎర్రర్ వచ్చి ముఖం చిన్నబుచ్చుకుంటే కోప్పడకండి. ‘ఇంట్లో ఉన్నదీ బడిలో లేనిదీ ఏమిటో వెతుకుదాం’ అనండి. అప్పుడు వాళ్లు తమను తాము నిందించుకోవడం మానేసి కారణం కోసం వెతుకుతారు.

ల్యాబ్‌లో ఒక పుస్తకం పెట్టండి. ప్రతి ప్రాజెక్టు చీటీ నకలు అందులో అతికించండి. ఈ ఏడాది పదో తరగతి పిల్లలు రాసిన హాజరు ప్రోగ్రాంను మూడేళ్ల తర్వాత ఏడో తరగతి నుంచి పైకొచ్చిన పిల్లలు ఆ చీటీ చూసి నడపగలిగితే, మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అక్కలు, అన్నలు ఆపిన చోటి నుంచి ముందుకు వెళతారు.